గెలాక్సీ జెట్లకు పుణె రైలుతో పనేమిటి?

2024 సెప్టెంబరులో ‘నేచర్’ పత్రిక ఒక గెలాక్సీ వివరాలు ప్రచురించింది. దాని జెట్లకు శాస్త్రవేత్తలు పెట్టిన పేరు పోర్ఫిరియన్. గ్రీకు పురాణాల్లో దేవతల మీదికి దండెత్తిన మహాకాయుడి పేరది. ఆ గెలాక్సీ నడిబొడ్డున ఉన్న కృష్ణబిలం రెండు దిక్కులకూ రెండు జెట్లను ఎగజిమ్మింది. ఈ కొస నుంచి ఆ కొసకు కొలిస్తే 2.3 కోట్ల కాంతి సంవత్సరాలు. మన పాలపుంత లాంటివి 140 వరసగా పేరిస్తే గానీ అంత పొడవు రాదు. నెదర్లాండ్స్ కేంద్రంగా ఐరోపాలో పలుచోట్ల పరచుకున్న లోఫార్ రేడియో టెలిస్కోపు దాన్ని మొదట చూసింది. అయితే ఆకాశంలో పొడవాటి గీత కనిపించినంత మాత్రాన అది ఏ గెలాక్సీదో తెలిసిపోదు. దారి పొడవునా గెలాక్సీలు బోలెడు. ఆ చిక్కు విప్పడానికి పరిశోధకులు ఆశ్రయించిన టెలిస్కోపుల్లో ఒకటి మన దేశానిదే. పుణెకు ఉత్తరాన సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, నారాయణగావ్ పక్కన ఖోడద్ గ్రామంలో ఉన్న జీఎంఆర్‌టీ అది.

ఈ మధ్య అదే జీఎంఆర్‌టీ పేరు రైల్వే వార్తల్లో నలిగింది. పుణె–నాసిక్ సెమీ హైస్పీడ్ రైలు మార్గాన్ని మొదట నారాయణగావ్ మీదుగా అనుకున్నారు. రైళ్ల విద్యుదయస్కాంత అలజడి టెలిస్కోపు పనిని దెబ్బతీస్తుందని అభ్యంతరం వచ్చింది. రైల్వే శాఖ ఆ దారి వదిలి షిర్డీ వైపు మళ్లింది. తమ ఊళ్ల మీదుగా వస్తుందనుకున్న రైలు చేజారడంతో జున్నర్, నారాయణగావ్ ప్రాంతాల్లో నిరసన రేగింది. ఎక్కడో ఉన్న గెలాక్సీల కోసం ఇక్కడి రైతు, విద్యార్థి ఎందుకు నష్టపోవాలన్న ప్రశ్నను కొట్టిపారేయడానికి లేదు.

అయినా రైలును మళ్లించడం సరైన నిర్ణయమే. కాకపోతే సగం పనే జరిగింది. నేల మీది రొదను దూరం పెట్టి, నెత్తిమీద ఉపగ్రహాల రొదను పట్టించుకోకపోతే నారాయణగావ్ వాళ్ల త్యాగం బూడిదలో పోసిన పన్నీరే. ఈ మాట ఎందుకనాల్సి వస్తోందో అర్థం కావాలంటే ఆ జెట్లలో ఏం జరుగుతోందో, అందులో ఎంతవరకు తేలిందో, ఇంకా ఏం తేలాలో చూడాలి.

కృష్ణబిలం అనగానే అన్నిటినీ మింగేసేదన్న బొమ్మే అందరికీ గుర్తొస్తుంది. మింగడం నిజమే. కానీ నోటిదాకా వచ్చినదంతా లోపలికి పోదు. కొంత భాగం సన్నటి ధారగా, కాంతి వేగానికి దగ్గరి వేగంతో బయటికి చిమ్ముకుంటుంది. అలాంటి ధారను తొలిసారి చూసి రాసిపెట్టినవాడు అమెరికాలోని లిక్ అబ్జర్వేటరీ ఖగోళవేత్త హీబర్ కర్టిస్. ఎం87 అనే గెలాక్సీ కేంద్రం నుంచి ఒక తిన్నని కిరణం లాంటిది బయటికి పొడుచుకు వచ్చిందని 1918లో ఆయన నమోదు చేశాడు. అదేమిటో ఆయనకు తెలియదు. అసలు గెలాక్సీలు మన పాలపుంతకు బయట ఉన్నాయా లేదా అనే వివాదమే అప్పటికి తెగలేదు.

ఆ కిరణం గుట్టు రట్టు కావడానికి రేడియో కావలసి వచ్చింది. హంస నక్షత్రమండలం దిక్కు నుంచి వస్తున్న బలమైన రేడియో సంకేతం మీద 1950ల మొదట్లో ఇంగ్లండ్‌లోని జోడ్రెల్ బ్యాంక్‌లో ఇద్దరు యువకులు పని చేశారు. ఒకరు రోజర్ జెన్నిసన్, రెండోవారు బెంగాలీ శాస్త్రవేత్త మృణాల్ కుమార్ దాస్‌గుప్తా. ‘సిగ్నస్ ఎ’ అనే ఆ మూలం ఒక చుక్క కాదనీ, పక్కపక్కన రెండు పెద్ద మచ్చలుగా ఉందనీ 1953లో వాళ్లు తేల్చారు. ఫొటోల్లో కనిపించిన గెలాక్సీ ఆ రెంటి నడుమ ఉంది. గెలాక్సీ ఒకచోట, దాని రేడియో వెలుగు రెండు పక్కలా, లక్షల కాంతి సంవత్సరాల మేర! రేడియో గెలాక్సీల స్వరూపాన్ని తొలిసారి పట్టిన ఇద్దరిలో ఒకరు భారతీయుడన్న సంగతి మన పాఠ్యపుస్తకాలకు ఎందుకో ఎక్కలేదు. వాళ్లు వాడిన పద్ధతి వెనుక ఉన్న హాన్‌బరీ బ్రౌన్ పుట్టింది కూడా నీలగిరుల్లోని అరువంగాడులోనే.

ఇంత రేడియో వెలుగు ఎక్కడిది? సమాధానం ఒక యంత్రంలో దొరికింది. 1947లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో, ఎలక్ట్రాన్లను గుండ్రంగా తిప్పే సింక్రోట్రాన్ యంత్రం గాజు గొట్టంలోంచి ఒక వెలుగు చుక్క కనిపించింది. దాదాపు కాంతి వేగంతో పోయే ఎలక్ట్రాన్ అయస్కాంత క్షేత్రంలో మలుపు తిరిగితే వెలుగును చిమ్ముతుంది. ఆకాశంలో జరిగేదీ అదే కావచ్చని 1950 నుంచే కొందరు అన్నారు. ఎం87 జెట్ విషయంలో సోవియట్ శాస్త్రవేత్త ష్క్లోవ్‌స్కీ ఆ మాట గట్టిగా చెప్పాడు. సింక్రోట్రాన్ వెలుగైతే దాని కంపనాలు ఒకే దిశలో ఉండాలి. దీన్నే ధ్రువణం అంటారు. 1956లో వాల్టర్ బాడే ఎం87 జెట్‌ను ఆ కోణంలో పరీక్షించాడు. ధ్రువణం ఉంది.

అక్కడితో ఒక సమస్య తీరి, అంతకన్నా పెద్దది నెత్తిన పడింది. రేడియో వెలుగు రావాలంటే వేగంగా పోయే కణాలూ కావాలి, అయస్కాంత క్షేత్రమూ కావాలి. క్షేత్రం బలంగా ఉంటే తక్కువ కణాలతో సరిపోతుంది. బలహీనంగా ఉంటే కణాలు ఎక్కువ కావాలి. ఏది ఎంతో రేడియో ఒక్కటే చూసి చెప్పలేం. ఎలా పంచినా కనీసం ఎంత శక్తి కావాలని 1950ల చివర జెఫ్రీ బర్బిడ్జ్ లెక్కేశాడు. బాగా ప్రకాశవంతమైన రేడియో గెలాక్సీలకు వచ్చిన అంకె ఒకటి పక్కన 60 సున్నాల ఎర్గులు. సుమారు 80 కోట్ల సూర్యులు తమ జీవితకాలమంతా వెదజల్లే శక్తి అది. అణుశక్తితో అంత పోగుచేయడం కష్టం. కృష్ణబిలాల వైపు శాస్త్రవేత్తల చూపు తిరగడానికి ఈ లెక్క పెద్ద కారణం.

ఇక కణాల సంగతి. అసలు తమాషా ఇక్కడే ఉంది. సింక్రోట్రాన్ వెలుగు చిమ్మే ఎలక్ట్రాన్ ఆ వెలుగుకు తన శక్తితోనే మూల్యం చెల్లిస్తుంది. శక్తి ఎక్కువున్న ఎలక్ట్రాన్ తొందరగా చల్లబడుతుంది. ఎం87 జెట్ సుమారు 5,000 కాంతి సంవత్సరాల పొడవు. 1999లో అంతరిక్షానికి వెళ్లిన చంద్రా ఎక్స్‌రే టెలిస్కోపు ఆ జెట్ పొడవునా అక్కడక్కడ ముడులు ఎక్స్‌రేల్లో మెరుస్తున్నట్టు చూపింది. అలాంటి ఎక్స్‌రేలు పుట్టించే ఎలక్ట్రాన్ల ఆయుష్షు కొన్నేళ్లు, మహా అయితే కొన్ని దశాబ్దాలు. కృష్ణబిలం దగ్గర బయల్దేరిన ఎలక్ట్రాన్, ఎంత వేగంగా వచ్చినా, వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ముడి దాకా ఆ శక్తితో చేరే ప్రసక్తే లేదు. అంటే దానికి శక్తి అందింది దారిలోనే, ఆ ముడి దగ్గరే.

మరి దారిలో శక్తినిచ్చేది ఎవరు? అయస్కాంత క్షేత్రం అని చెప్పేస్తే పని సులువు. కానీ నిలకడగా ఉన్న అయస్కాంత క్షేత్రం కణాన్ని పక్కకు తిప్పుతుందే తప్ప దాని వేగం పెంచదు. ఇంటర్ ఫిజిక్స్ చదివిన ప్రతివారికీ తెలిసిన సూత్రమే. క్షేత్రం కదులుతుంటే మాత్రం కథ మారుతుంది. 1949లో ఎన్రికో ఫెర్మీ ఈ ఆలోచనకు పునాది వేశాడు. అంతరిక్షంలో అటూ ఇటూ కదిలే అయస్కాంత మేఘాలకు తగిలి కణాలు కొద్దికొద్దిగా శక్తి పుంజుకుంటాయన్నాడు. అది మరీ నెమ్మది వ్యవహారం. 1977–78లో సోవియట్ యూనియన్, బ్రిటన్, అమెరికాల్లో వేర్వేరు పరిశోధకులు, ఎవరికి వారే, దాన్ని చురుకైన యంత్రంగా మార్చారు. వేగంగా వచ్చే ప్రవాహం నెమ్మదైన పదార్థాన్ని గుద్దుకున్నప్పుడు షాక్ తరంగం ఏర్పడుతుంది. దానికి రెండు వైపులా చిక్కుపడ్డ అయస్కాంత క్షేత్రాలుంటాయి. ఎదురుగా దూసుకొచ్చే బ్యాట్‌కు తగిలిన బంతి వచ్చినదానికన్నా వేగంగా వెనక్కి పోతుంది. ఇక్కడ బ్యాట్లు రెండు పక్కలా ఉన్నాయి, రెండూ ఒకదానికొకటి దగ్గరవుతున్నాయి, బంతి నడుమ ఇరుక్కుంది. షాక్‌ను దాటిన ప్రతిసారీ కణానికి కొంత శక్తి కలుస్తుంది. చాలా కణాలు ఒకట్రెండు దాట్లకే తప్పించుకుంటాయి. అదృష్టవంతులు కొన్ని వందల సార్లు అటూ ఇటూ తిరిగి అసాధారణ శక్తికి చేరతాయి. అందుకే తక్కువ శక్తి కణాలు గుంపులుగా, ఎక్కువ శక్తివి అరుదుగా కనిపిస్తాయి. రేడియో టెలిస్కోపులు కొలిచే వెలుగు కూడా దాదాపు ఆ లెక్కకే సరిపోతుంది.

దీనికి పోటీగా ఇంకో వివరణ ఉంది. అయస్కాంత బలరేఖలు మెలిపడి, తెగి, మళ్లీ అతుక్కుంటాయి. ఆ క్షణాన దాచుకున్న శక్తి ఒక్కసారిగా కణాలకు దక్కుతుంది. సూర్యుడి మీది జ్వాలల్లో జరిగేది ఇదే. కృష్ణబిలానికి దగ్గరగా, క్షేత్రం బలంగా ఉన్నచోట ఇది ఎక్కువ పని చేయవచ్చునన్న వాదనకు బలముంది. ఏ జెట్‌లో, ఏ దూరంలో ఎవరిది పైచేయి అన్నదే ఇవాళ్టి అసలు చర్చ.

ఆ చర్చలో ధ్రువణమే పెద్ద సాక్షి. 2021 డిసెంబరులో వెళ్లిన ఐఎక్స్‌పీఈ ఉపగ్రహం మర్కారియన్ 501 అనే గెలాక్సీ ఎక్స్‌రేల ధ్రువణాన్ని కొలిచింది. ఆ గెలాక్సీ జెట్ మనవైపే గురిపెట్టి ఉంది. ఎక్స్‌రేల్లో ధ్రువణం సుమారు 10 శాతం. మామూలు కాంతిలో దాదాపు అందులో సగం. రేడియోలో ఇంకా తక్కువ. ఎక్స్‌రేల దగ్గర క్రమశిక్షణ ఎక్కువ, రేడియోకు వచ్చేసరికి గందరగోళం ఎక్కువ. కణాలు షాక్ దగ్గర పుట్టి, కిందికి జారుతూ, చిక్కుపడ్డ క్షేత్రాల్లోకి చెదిరిపోతే కనిపించాల్సిన తీరు ఇదే. షాక్ పక్షానికి ఇది గట్టి మద్దతు. మన ఇస్రో కూడా 2024 జనవరి 1న శ్రీహరికోట నుంచి ఎక్స్‌పోశాట్‌ను పంపింది. అందులోని పోలిక్స్ పరికరం కొలిచేదీ ఎక్స్‌రే ధ్రువణమే. కాకపోతే దాని చూపు బాగా ప్రకాశవంతమైన మూలాల మీద. మన పాలపుంతలోని పల్సార్లు, కృష్ణబిలాల జంటలే దానికి తగినవి. దూరపు జెట్ల మీద అద్భుతాలు చేస్తుందని ఊదరగొట్టనక్కర్లేదు.

దగ్గరి సాక్ష్యాలు వేరే ఉన్నాయి. సెంటారస్ ఎ అనే గెలాక్సీ మనకు 1.2 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోనే ఉంది. నమీబియాలోని హెచ్‌ఈఎస్‌ఎస్ టెలిస్కోపులు 200 గంటలకు పైగా దాన్ని చూసి, అత్యధిక శక్తి గామా కిరణాలు జెట్ పొడవునా వస్తున్నాయని 2020లో ప్రకటించాయి. ఒక్క కేంద్రం దగ్గరే కాదు, వేల కాంతి సంవత్సరాల మేర కణాల త్వరణం నడుస్తోందన్నమాట. ఇక భూమికి వచ్చి తగిలే కాస్మిక్ కిరణాల్లో అరుదుగా రాక్షసులుంటాయి. 1991లో అమెరికాలోని యూటాలో నమోదైన ఒక కణం శక్తి, జెనీవా దగ్గర 27 కిలోమీటర్ల సొరంగంలో తిరిగే లార్జ్ హాడ్రాన్ కొలైడర్ ప్రోటాన్ శక్తికి 4 కోట్ల రెట్ల పైమాటే. అలాంటి కణాన్ని తయారు చేయాలంటే అది జారిపోకుండా పట్టి ఉంచేంత క్షేత్రం, ఆ క్షేత్రం పరచుకునేంత చోటు రెండూ ఉండాలి. మైఖేల్ హిల్లాస్ 1984లో గీసిన ఈ కొలబద్దకు సరితూగేవి విశ్వంలో కొద్దే. రేడియో గెలాక్సీలు వాటిలో ఒకటి. నేరం రుజువు కాలేదు, అనుమానితుల జాబితాలో పేరు మాత్రం ముందుంది.

అయస్కాంత క్షేత్రాల కొలతలూ ఈ పదేళ్లలో బాగా పదునెక్కాయి. 2019 ఏప్రిల్‌లో ప్రపంచమంతా చూసిన కృష్ణబిలం చిత్రం ఎం87దే. దాని బరువు 650 కోట్ల సూర్యులంత, దూరం 5.5 కోట్ల కాంతి సంవత్సరాలు. ఆ చిత్రానికి వచ్చినంత ప్రచారం 2021 మార్చిలో వచ్చిన రెండో చిత్రానికి రాలేదు. నిజానికి శాస్త్రానికి ఎక్కువ సమాచారం ఇచ్చింది రెండోదే. అందులో ఆ ఉంగరం చుట్టూ ధ్రువణం గీతలు సుడి తిరిగి కనిపించాయి. అక్కడి క్షేత్రం 1 నుంచి 30 గాస్ మధ్య ఉంటుందని అంచనా వేశారు. భూమి మీద మనకున్నది అర గాస్ అటూఇటూ. ఆ క్షేత్రానికి లోపలికి పడే వాయువును నెట్టి నిలిపేంత సత్తువ ఉంది. తిరిగే కృష్ణబిలం నుంచి క్షేత్రం ద్వారా శక్తిని పిండుకోవచ్చని బ్లాండ్‌ఫర్డ్, జ్నాయెక్ 1977లో చెప్పిన సిద్ధాంతానికి ఇది అనుకూలంగా ఉంది.

దూరంగా, జెట్ చివర ఉబ్బిన రేడియో మేఘాల్లో క్షేత్రం గాస్‌లో పది లక్షల వంతుల్లో కొన్నే. మన నేల మీది క్షేత్రంతో పోలిస్తే సుమారు లక్ష రెట్లు బలహీనం. దాన్ని కొలవడానికి ఒక ఉపాయం ఉంది. మహావిస్ఫోటం నాటి నుంచి విశ్వమంతా నిండిన మైక్రోవేవ్ వెలుగును ఆ ఎలక్ట్రాన్లు గుద్ది ఎక్స్‌రేలుగా మారుస్తాయి. ఎక్స్‌రేలను బట్టి ఎలక్ట్రాన్లెన్నో తెలుస్తుంది. ఎలక్ట్రాన్లు తెలిస్తే రేడియోను బట్టి క్షేత్రం ఎంతో తేలిపోతుంది. బర్బిడ్జ్‌కు అందని లెక్కను తీర్చింది ఈ ఉపాయమే. చాలా మేఘాల్లో క్షేత్రం ఆయన కనీస శక్తి అంచనాకు దగ్గరగా, దానికన్నా కాస్త తక్కువగా వచ్చింది.

ఇంత బలహీనమైన క్షేత్రం ఏం చేయగలదని తీసిపారేయకూడదు. ఏబెల్ 3376 అనే గెలాక్సీ సమూహంలో ఒక రేడియో గెలాక్సీ జెట్లు ఉన్నట్టుండి దాదాపు లంబకోణంలో వంగి, ఆ పైన కూడా చెదరకుండా సాగాయని దక్షిణాఫ్రికాలోని మీర్‌క్యాట్ టెలిస్కోపు చూపింది. 2021లో వచ్చిన ఆ పరిశోధన ప్రకారం అడ్డుపడింది గాలి లాంటి వాయువు కాదు, సమూహం అంచున పరచుకున్న అయస్కాంత క్షేత్రం.

ఇప్పుడు ఖోడద్ దగ్గరికి వద్దాం. ఎక్స్‌రే ఎలక్ట్రాన్లు తొందరగా పోతాయి, సరే. కృష్ణబిలం జెట్లు ఆపేశాక మేఘాల్లో ఎక్కువ శక్తి ఎలక్ట్రాన్లే ముందు చల్లారతాయి. తక్కువ శక్తివి కోట్ల ఏళ్లు మిగులుతాయి. అవి పలికేది తక్కువ పౌనఃపున్యంలోనే, 150 మెగాహెర్ట్జ్, అంతకన్నా తక్కువలో. పాత జెట్ల చరిత్ర చదవాలంటే ఆ పట్టీలోనే చదవాలి. ఒఫ్యూకస్ గెలాక్సీ సమూహంలో వేడి వాయువు అంచు ఒకచోట వింతగా లోపలికి నొక్కుకుపోయినట్టు చంద్రా చిత్రాల్లో 2016లోనే కనిపించింది. కృష్ణబిలం చేసిన పనే అయితే అంత పెద్ద గుంట తవ్వడానికి ఊహకందని శక్తి కావాలి కాబట్టి నమ్మడానికి వెనకాడారు. 2020లో ఆస్ట్రేలియా టెలిస్కోపు ఎండబ్ల్యూఏ, మన జీఎంఆర్‌టీ తక్కువ పౌనఃపున్యంలో చూస్తే ఆ గుంటను నింపి పాత రేడియో మేఘం ఉంది. ఎప్పుడో ఆగిపోయిన జెట్ ఆనవాలు. ఎక్స్‌రేలకు దొరకనిది, ఎక్కువ పౌనఃపున్యాలకు చిక్కనిది, ఈ పట్టీలో బయటపడింది.

తక్కువ పౌనఃపున్యం మన దేశానికి కొత్త విద్య కాదు. 1970లో ఊటీ కొండవాలున 530 మీటర్ల పొడవు టెలిస్కోపు లేచింది. మన హిందూపురానికి సరిహద్దు అవతల గౌరీబిదనూరులో 34.5 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే యాంటెన్నాల వరస 1970ల నుంచే ఉంది. దానితో గీసిన ఆకాశ పటం 1990లో వచ్చింది. ఊటీ టెలిస్కోపు వెనుక నిలిచిన గోవింద్ స్వరూప్ ఆలోచనే జీఎంఆర్‌టీ. 45 మీటర్ల వ్యాసం డిష్‌లు 30. వాటిలో 14 ఒక చదరపు కిలోమీటరులో గుంపుగా, 16 మూడు రెక్కలుగా, 25 కిలోమీటర్ల మేర. దగ్గరికి వెళ్లి చూస్తే డిష్‌లో రేకు కనిపించదు, ఆకాశం కనిపిస్తుంది. అర మిల్లీమీటరు మందం స్టెయిన్‌లెస్ స్టీల్ తీగతో అల్లిన వల, దాన్ని బిగించి పట్టే తీగతాళ్లు. గాలి లోంచి దూరిపోతుంది కాబట్టి ఉక్కు తక్కువ, ఖర్చు తక్కువ. మీటరు పొడవు తరంగాలకు ఆ వల కన్నాలు లెక్కలోకే రావు. 150 మెగాహెర్ట్జ్ దగ్గర ఇది ఆకాశంలో సుమారు 90 శాతాన్ని సర్వే చేసింది. ఆ పటాలు ఎవరికైనా ఉచితం. ఆనంద హోతా నడిపే రాడ్ ఎట్ హోమ్ బృందంలో కాలేజీ విద్యార్థులు ఇళ్లలో కూర్చుని వాటిలో వింత గెలాక్సీలను వెతుకుతున్నారు. మన డిగ్రీ కాలేజీల ఫిజిక్స్ విభాగాలు దీన్ని వాడుకోకపోవడానికి డబ్బు లేదన్న సాకు చెల్లదు.

ఈ పరిశోధన వల్ల రేపు కొత్త మందు వస్తుందనో, కొత్త యంత్రం వస్తుందనో చెప్పి ఒప్పించే ప్రయత్నం అనవసరం. అలా చెప్పినవాళ్లు చివరికి దొరికిపోతారు. ప్రపంచంలో కొద్దిమంది దగ్గరే ఉన్న పరికరం మన చేతిలో ఉంది, దాంతో మాత్రమే తేలే ప్రశ్నలున్నాయి. రైలును మళ్లించడానికి ఆ కారణం చాలు.

కానీ ఆకాశం నుంచి వచ్చే రొద? అంతర్జాతీయ రేడియో నిబంధనల్లో 150.05 నుంచి 153 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న పట్టీని భారత్, ఆస్ట్రేలియాల్లో రేడియో ఖగోళానికి ప్రాథమిక హోదాతో కేటాయించారు. 2023లో లోఫార్ పరిశోధకులు 68 స్టార్‌లింక్ ఉపగ్రహాలను పరిశీలిస్తే 47 ఉపగ్రహాల నుంచి 110–188 మెగాహెర్ట్జ్ మధ్య రేడియో లీకేజీ కనిపించింది. రక్షణ ఉన్న ఆ చిన్న పట్టీ కూడా అందులోనే ఉంది. కావాలని పంపిన సంకేతం కాదు, లోపలి ఎలక్ట్రానిక్స్ నుంచి కారుతున్నది. అనుకోని లీకేజీకి నిబంధనల్లో హద్దు లేదు కాబట్టి ఇది తప్పు కిందికీ రాదు. 2024లో మళ్లీ కొలిచారు. కొత్త తరం ఉపగ్రహాల్లో ఆ లీకేజీ పాతవాటికన్నా 32 రెట్ల దాకా ఎక్కువ.

2025 జూన్‌లో టెలికం శాఖ స్టార్‌లింక్‌కు మన దేశంలో సేవలకు లైసెన్సు ఇచ్చింది. లైసెన్సు ఇవ్వకపోయినా ఆ ఉపగ్రహాలు ఖోడద్ మీదుగా పోతూనే ఉంటాయి, నిజమే. మన్యంలో, టవర్లు లేని గూడేల్లో ఇంటర్నెట్‌కు అవి పనికొస్తాయన్నదీ నిజమే. అందుకే నిషేధం అడగడం అర్థం లేని పని. కానీ మార్కెట్ కోసం మన గుమ్మంలోకి వచ్చిన సంస్థకు షరతు పెట్టే వీలు లైసెన్సు చేతిలో ఉన్నప్పుడే. ఉపగ్రహం ఎగరకముందే లీకేజీ కొలిచి చూపించాలని, 150 మెగాహెర్ట్జ్ పట్టీలో హద్దు దాటకూడదని రాసుకోవడం సాంకేతికంగా అసాధ్యం కాదు. మోటార్లకు, మొబైల్ ఛార్జర్లకు ఇలాంటి హద్దులు ఎప్పటి నుంచో ఉన్నాయి.

ఇందులో దేశం డబ్బూ ఉంది. ఎస్‌కేఏ అనే అంతర్జాతీయ టెలిస్కోపులో చేరడానికి కేంద్రం 1,250 కోట్ల రూపాయలకు ఆమోదం తెలిపింది. దాని తక్కువ పౌనఃపున్యం భాగంలో 1,31,072 యాంటెన్నాలు పశ్చిమ ఆస్ట్రేలియా ఎడారిలో లేస్తున్నాయి, 50 నుంచి 350 మెగాహెర్ట్జ్ వరకు వినడానికి. చుట్టూ జనం లేరు, చట్టబద్ధమైన రేడియో నిశ్శబ్ద ప్రాంతం ఉంది. దక్షిణాఫ్రికా అయితే ఖగోళం కోసం 2007లోనే ప్రత్యేక చట్టం చేసింది. ఖోడద్ మీదుగా పోయే ఉపగ్రహాలే ఆ ఎడారి మీదుగానూ పోతాయి.

చేయాల్సింది ఢిల్లీలోనే మొదలవ్వాలి. ఖోడద్ చుట్టూ ఉన్న ప్రాంతానికి చట్టబద్ధ రక్షణ ఇచ్చి, ఆ హద్దుల్లో రైలు కోల్పోయిన ఊళ్లకు మెరుగైన రోడ్డు, రవాణా సౌకర్యం ఆ చట్టంలోనే రాసివ్వాలి. దేశం కోసం పెట్టుకున్న టెలిస్కోపు ఖర్చును ఒక్క జున్నర్ తాలూకా నెత్తిన వేయడం న్యాయం కాదు. రెండోది, ప్రపంచ రేడియో కమ్యూనికేషన్ సదస్సు 2027లో షాంఘైలో జరగబోతోంది. ఉపగ్రహాల గుంపుల నుంచి రేడియో నిశ్శబ్ద ప్రాంతాలను కాపాడే అంశం దాని చర్చ పట్టికలో ఉంది. అక్కడికి వెళ్లే భారత బృందంలో టెలికం అధికారులతో పాటు జీఎంఆర్‌టీ ఇంజినీర్లకూ కుర్చీ వేయాలి. 150.05–153 పట్టీలో ఏటా ఎంత లీకేజీ పడుతోందో ఖోడద్‌లో కొలిచిన లెక్కలు వాళ్ల చేతిలో ఉండాలి. ఆ కొలతలు మొదలుపెట్టడానికి ఎవరి లైసెన్సూ అక్కర్లేదు.